పెళ్లయిందా అని అడిగిన రోజు

నాకు భయం ఎక్కువ. ఈ మాట సిగ్గుపడకుండా చెప్పడానికి ఉద్యోగం మానేదాకా ఆగాల్సి వచ్చింది. పై అధికారి పిలిస్తే భయం, పిలవకపోతే ఇంకా భయం. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఒక్క క్షణం ఆగితే తెలిసిన దేవుళ్లందరినీ పిలిచేదాన్ని. "నీకు భయం వెయ్యని రోజంటూ వస్తే ముందే చెప్పు, ఆ రోజు నేను భయపడతాను" అనేవారు మా ఆయన. లెక్కల ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పుడు నా దగ్గరికొచ్చి, "మేడం, పెద్ద క్లయింట్ల ముందు ధైర్యంగా ఉండటమెలా" అని అడుగుతుంటారు. అడగకూడని మనిషిని అడుగుతున్నారు. నాకు తెలిసిందల్లా భయపడుతూనే పని చెయ్యడం. అలా చేసిన ఒక పని గురించి చెబుతాను, ధైర్యం సంగతి మీరే తేల్చుకోండి.

నేను పనిచేసింది బహ్రెయిన్‌లో. అక్కడ జీతం మీద పన్ను లేదు. పన్ను లేని దేశంలో పన్ను లెక్కలు రాసే ఉద్యోగమేమిటని మా కాకినాడ చుట్టాలు చాలాకాలం ఆటపట్టించారు. సంగతేమిటంటే, అమెరికా పౌరసత్వం ఉన్నవాడు ఏ దేశంలో ఉద్యోగం చేసినా ఏటా తన దేశానికి లెక్క చెప్పుకోవాలి. అలాంటివాళ్లు బహ్రెయిన్‌లో చాలామందే ఉన్నారు. వాళ్ల లెక్కలు తయారుచేసి పంపడమే మనామాలోని మా ఆఫీసు పని. మా మేనేజరు కేరళ ఆయన. తెలివైనవాడు, మంచివాడు, భయంలో నాకంటే ఒక మెట్టు మాత్రమే కింద.

మా ఆఫీసుకు ఒక పద్ధతి ఉండేది. ఎంత పాత క్లయింటైనా సరే, సంతకం పెట్టించే ముందు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు పైకి చదవాలి. ఆయన నోటితో జవాబు చెప్పాలి. అప్పుడే మేం రాయాలి. "పోయినేడు లాగే" అంటే కుదరదు. ఎప్పుడో ఎవరో క్లయింటు చిక్కుల్లో పడి, "అది నేను చెప్పలేదు, మీ గుమస్తాయే రాసుకుంది" అని అడ్డం తిరిగాడట. అప్పుడే మేనేజరు ఈ నియమం పెట్టాడు. రాలేనివాళ్లకు ఫోనులో చదివేవాళ్లం. పేరు, చిరునామా, ఏడాది ఆఖరి రోజున మీకు పెళ్లయి ఉందా లేదా, మీ మీద ఆధారపడినవాళ్లెవరు. ఆ వరుస నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

ఫోనులో జవాబు చెప్పేవాళ్లలో ఒక ఇంజినీరుగారు ఉండేవాడు, సంతకానికి మాత్రం ఏటా ఒక్క నిమిషం వచ్చి వెళ్లేవాడు. తెలంగాణ మనిషి. అమెరికాలో చదివి, అక్కడి పౌరుడై, ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున బహ్రెయిన్ వచ్చాడు. ఆయన చెప్పబట్టే ఆ కంపెనీలోని మిగతా అమెరికావాళ్లంతా మా దగ్గరికొచ్చారు. అందుకని ఆయన ఫోనొస్తే మా మేనేజరు లేచి నిలబడి మాట్లాడేవాడు. ప్రశ్నలకు ఇంజినీరుగారు టకటకా జవాబులు చెప్పేవాడు. పెళ్లి దగ్గరికి వచ్చేసరికి, "సింగిలే మేడం. ఎవరన్న మంచి పిల్ల ఉంటె చూడండ్రి" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఒక ఏడాదైతే మా పెద్దమ్మ మనవరాలికి ఈ సంబంధం కదిపితే ఎలా ఉంటుందని ఇంట్లో చర్చ కూడా పెట్టాను. మా ఆయన "క్లయింట్లను అల్లుళ్లను చెయ్యకు" అన్నారు కాబట్టి బతికిపోయాం.

ఈ సంగతి జరిగిన ఏడు, వైశాఖంలో తెలుగు ఆడవాళ్ల ఫోను గ్రూపులో ఒక పిలుపు వచ్చింది. మనామాలోని జింజ్ పేటలోకి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి సత్యనారాయణ వ్రతం చేసుకుంటోంది, ఇక్కడ తనకెవరూ లేరు, అందరూ రావాలి అని. శుక్రవారం సెలవు కాబట్టి బహ్రెయిన్‌లో వ్రతాలన్నీ శుక్రవారమే. ఎవరింటికో నాకు తెలియదు. వ్రతానికి పిలిస్తే మానకూడదని మాత్రం తెలుసు. మా ఆయన కారు పెట్టే చోటు దొరక్క నన్ను కింద దింపి వెళ్లిపోయారు. నేను పైకి వెళ్లేసరికి సంకల్పం మొదలైంది.

హాలు నిండా ఆడవాళ్లు. వాళ్ల తలల మీదుగా చూస్తే పీటల మీద దంపతుల వీపులు మాత్రం కనిపించాయి. పట్టు ఉత్తరీయానికీ చీర చెంగుకూ కలిపి ముడి వేసి ఉంది. పురోహితుడు మన ఊళ్లూ నదులూ వదిలేసి "బహ్రెయిన్ ద్వీపే" అని అందుకున్నాడు. ఎప్పుడు విన్నా నాకు నవ్వొచ్చే ముక్క అది. గోత్రం అడిగాడు. జవాబు చెప్పిన గొంతు వినగానే నా నవ్వు ఆగిపోయింది. ఏటా ఫోనులో వినే గొంతే. పురోహితుడు "ధర్మపత్నీ సమేతస్య" అన్నాడు. ఇంజినీరుగారు స్పష్టంగా, తడబడకుండా "ధర్మపత్నీ సమేతస్య" అన్నాడు.

కథ జరుగుతున్నంతసేపూ నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. వర్తకుడు అబద్ధమాడే చోట మాత్రం తల దించుకున్నాను, అబద్ధం నాదైనట్టు. నా బుర్ర అప్పటికే లెక్క వేస్తోంది. భార్యను చూపించి ఇద్దరిదీ కలిపి దాఖలు చేసుకుంటే ఆయనకు పన్ను తగ్గుతుంది. పన్ను ఎగ్గొట్టడానికి అబద్ధమాడేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లంటే నాకు భయం లేదు, ఆశపడ్డ మనుషులంతే. కానీ ఈయన ఎక్కువ పన్ను కట్టి మరీ బ్రహ్మచారిగా ఉంటున్నాడు. ఎందుకో తెలియని ఆ అబద్ధం నన్ను వణికించింది.

అక్షింతలు వేయడానికి దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన తలెత్తి నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. ఏమీ అనలేదు. నేను అక్షింతలు వేశాను. కొన్ని ఆయన మీద, ఎక్కువ ఆ అమ్మాయి మీద పడ్డాయి.

తాంబూలం ఇస్తూ ఆ అమ్మాయి నన్ను పట్టుకుంది. చిన్న మొహం, పెద్ద బొట్టు, గలగలా మాట. మా గోదావరి వైపు కొత్తవాళ్లను "మీరు" అనకుండా నోరు తెరవం. ఆ పిల్ల మొదటి మాటలోనే నన్ను "నువ్వు" అని కలిపేసుకుంది.

"అక్కా, నువ్వు గా లెక్కల ఆఫీసుల చేస్తవట గదా. గ్రూపుల చెప్పిన్రు. మాయన కాగితాలు మీ దగ్గర్నే అయితయట."

"అవునమ్మా."

"నా అమెరికా కాగితాలు గూడ మీరే పెట్టిన్రని చెప్పిండు. పెండ్లయిన కాడ్నించి ఇగ అస్తయి, ఇగ అస్తయి అంటడు. ఇన్నేండ్లు నేను జగిత్యాలలనే ఉంటి. నిరుడే ఈడికి తోలుకచ్చిండు. బిడ్డ బడికి పోయే ఈడుకు అచ్చింది. జర తొందరగ జెయ్యుండ్రి అక్కా."

మా ఆఫీసులో వలస కాగితాలు చెయ్యం. ఎన్నడూ చెయ్యలేదు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె చెప్పుకుపోతూనే ఉంది. వాళ్ల నాన్న ఒకప్పుడు బహ్రెయిన్‌లోనే మామీర్‌లో లేబర్ క్యాంపులో ఉండేవాడట. "మా ఊర్ల దీన్ని గూడ దుబాయే అంటరు. నాయిన క్యాంపు బతుకు జూసినోడు గద, అల్లుడు అమెరికా ఆయన అనంగనే ఇగ వెనుకముందు జూడలే" అని నవ్వింది. గుమ్మం దగ్గర ఇంజినీరుగారు ఎవరికో ప్రసాదం అందిస్తూ మా వైపే చూస్తున్నాడు.

ఆదివారం ఆఫీసు తెరవగానే మేనేజరుకు చెప్పాను. ఆయన రెండు చేతులతో తల పట్టుకుని, "మేడం, నువ్వసలు ఆ ఇంటికి ఎందుకు వెళ్లావు?" అన్నాడు. అది రెండు రోజులుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్నే. కాసేపటికి తేరుకుని నియమాలు చెప్పాడు. మనకు అబద్ధమని తెలిసిన లెక్క మీద మనం సంతకం పెట్టకూడదు. దిద్దుకోమని చెప్పాలి, పాత ఏళ్లవి కూడా. వినకపోతే దణ్ణం పెట్టి పంపెయ్యాలి. క్లయింటు సంగతి భార్యకైనా సరే మనం చెప్పకూడదు. "ఆ కాగితాల్లో ఆమె లేదు కాబట్టి, ఆమె ఇంకా పరాయి మనిషే" అన్నాడు. చట్టం అంతే. మీరూ చదువుకునే ఉంటారు. నాకు మాత్రం ఆ వాక్యం ఆ రోజు వినబడ్డట్టు అంతకుముందెప్పుడూ వినబడలేదు.

ఆయన సంతకానికి వచ్చేదాకా ఊరుకుని ఉంటే సరిపోయేది. భయం ఊరుకోనివ్వదు. ముందే చెబితే తనంతట తనే దిద్దుకుంటాడేమో, గొడవ లేకుండా పోతుందేమో అని ఆశపడి నేనే ఫోను చేశాను. మీరు ఈ తప్పు చెయ్యకండి. ఎదురుగా కూర్చోబెట్టి అడగాల్సింది ఫోనులో అడిగితే, అవతలి మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఇచ్చినట్టే.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నెమ్మదిగా, "మా ఇంట్ల ప్రసాదం తిన్నరు గదా మేడం" అన్నాడు. "మీ సారు కంపెనీ మూతపడ్డదట గదా. ఇప్పుడు మీ వీసా మీదనే ఉన్నడట. ఈ నెలనో వచ్చే నెలనో మీది రెన్యువల్ ఉండాలె. బహ్రెయిన్ చాన చిన్నది మేడం." ఇదంతా ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. అంతా నిజమే. మా ఆయన కంపెనీ మూతపడ్డాక ఆయన నా మీద ఆధారపడినవాడిగానే బహ్రెయిన్‌లో ఉన్నారు. నా ఉద్యోగం పోతే ఇద్దరం సామాను సర్దుకోవాలి. ఆ పూట ఇంటికెళ్లి మా సర్టిఫికెట్లన్నీ తీసి ఒక సంచిలో పెట్టాను. ఎందుకని మా ఆయన అడిగితే, దుమ్ము పట్టిందని చెప్పాను.

అప్పటి నుంచి జింజ్ మీదుగా వెళ్లడం మానేశాను. సిగ్నల్ దగ్గర వెనక ఒకే కారు రెండోసారి కనిపిస్తే గుండె ఆగేది. ఆఫీసు ఫోను మోగితే మేనేజరూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.

ఫోను రాలేదు. మనిషే వచ్చాడు. ఒంటరిగా రాలేదు, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆ అమ్మాయి పెళ్లికి వచ్చినట్టు తయారై వచ్చింది. చేతిలో డబ్బా. "మా అమ్మ పంపింది అక్కా, సకినాలు" అని నా బల్ల మీద పెట్టింది. ఆయన నాకు ఎదురుగా కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, ఎంతో మర్యాదగా, "మేడం, ఈమె రోజు నా పానం తింటున్నది. మా కాగితాలు ఎంతదాక వచ్చినయో మీరే జర చెప్పండ్రి. మీరు చెప్తె నమ్ముతది" అన్నాడు.

ఎందుకు తీసుకొచ్చాడో అప్పుడర్థమైంది. భార్య ఎదురుగా నేను "లేవు" అనలేను, అంటే క్లయింటు గుట్టు బయటపెట్టిన గుమస్తాను. "వస్తున్నాయి" అంటే ఆయన అబద్ధంలో నాకూ వాటా. ఆ పిల్ల కుర్చీ అంచున కూర్చుని నా మొహంలోకే చూస్తోంది. అద్దాల గదిలోంచి మేనేజరు లేచి నిలబడ్డాడు, కానీ బయటికి రాలేదు. మంచినీళ్ల సీసా మూత తియ్యబోతే చేతికి రాలేదు.

ఏం చెయ్యాలో తెలియనప్పుడు మనిషి అలవాటైన పని చేస్తాడు. నేను ఆయన ఫైలు తెరిచి కలం తీశాను. "ముందు ఈ ఏడాది ప్రశ్నలు పూర్తి చేసేద్దామండి. ఎలాగూ వచ్చారు కదా" అన్నాను. మామూలుగా ఇంగ్లీషులో చదివేదాన్ని. ఆ రోజు తెలుగులో చదివాను.

"పూర్తి పేరు?"

చెప్పాడు.

"బహ్రెయిన్‌లో చిరునామా?"

జింజ్ ఫ్లాటు చెప్పాడు. చెబుతూనే కాలు మీద కాలు తీశాడు. తర్వాతి ప్రశ్న ఏమిటో ఆయనకూ తెలుసు.

"పోయిన ఏడాది ఆఖరి రోజు నాటికి మీకు పెళ్లయి ఉందా, లేదా?"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "గిదేం అడుగుడక్కా, పక్కన కూసున్న గదా నేను" అంది.

ఆయన నవ్వలేదు. ఇంగ్లీషులో, "పోయినేడు లాగే" అన్నాడు.

"అలా రాయకూడదండి. మా ఆఫీసు పద్ధతి మీకు తెలుసు. మీ నోటితో చెప్పాలి."

"పోయినేడు ఏముందో మీ దగ్గర ఉంది గదా."

"పోయినేడు ఏం చెప్పారో నేను పైకి చెప్పకూడదండి. ఇప్పుడు మీరే చెప్పాలి."

ఆ అమ్మాయి నవ్వు సగంలో ఆగింది. ఆయన్ని చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఆయన్ని చూసింది. వ్రతంలో అంత స్పష్టంగా పలికిన మనిషి ఇప్పుడు నోరు మెదపలేదు. ఆయన ఏదో ఒకటి చెప్పెయ్యాలని నేను లోలోపల మొక్కుకున్నాను. అబద్ధమైనా ఫర్వాలేదు, ఆ నిశ్శబ్దం పోతే చాలనిపించింది.

"చెప్పు" అంది ఆ అమ్మాయి. గొంతులో గలగల పోయింది. "అయిందని చెప్పు. గంత ఆలోచన దేనికి?"

ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "తర్వాత వస్తం. పా" అన్నాడు. ఆమె లేవలేదు. ఆయన తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి చూసి, వెళ్లిపోయాడు. ఆమె నా వైపు తిరిగి, "ఏం లేదు గదా అక్కా. నా కాగితం ఏం లేదు గదా" అంది. నాకు చెప్పే హక్కు లేదు. నేను తల ఊపలేదు, అడ్డంగానూ ఆడించలేదు. ఆమె నా మొహంలో ఏం చూసిందో గాని, లేచి వెళ్లిపోయింది. సకినాల డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. మేనేజరు గదిలోంచి బయటికొచ్చి, నా సీసా మూత తీసి ఇచ్చాడు.

ఆ వారమే ఇంజినీరుగారు తన ఫైలు వెనక్కి తీసుకున్నాడు. వేరే చోట చేయించుకుంటానని కబురు పెట్టాడు. వాళ్ల కంపెనీవాళ్లు ఒక్కొక్కరే మా దగ్గర మానేశారు. "ఖలాస్ మేడం. మన పని మనం చేశాం. ఇక మర్చిపో" అన్నాడు మేనేజరు. ఇలాంటివి తెలిస్తే అమెరికా పన్ను శాఖకు రాయడానికి ఒక ఫిర్యాదు కాగితం ఉంటుంది కదా అని నేను నసిగాను. ఆయన గది తలుపు వేసి వచ్చాడు. "ఆఫీసు పేరు అందులో రాకూడదు. పంపాలనుకుంటే నీ పేరు మీద పంపుకో. నువ్వు నాకీ మాట చెప్పలేదు, నేను వినలేదు" అన్నాడు. నేను ఇంటికెళ్లి పంపకూడదనే నిర్ణయించుకున్నాను. రెన్యువల్ కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి.

తర్వాతి శుక్రవారం పొద్దున ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. గ్రూపులో ఎవరినో అడిగి చిరునామా తెలుసుకుందట. మా ఆయన టీ పెట్టి ఇచ్చి, ఫ్రిజ్‌లో పాలు ఉండగానే, పాలు తెస్తానని కోల్డ్ స్టోర్ అనే వీధి కొట్టుకు వెళ్లారు. ఆమె టీ ముట్టలేదు.

"ఇంటికి పోయినంక అడిగిన అక్కా. చెప్పిండు. అమెరికాల ఒకామెతోని లగ్గం మాట నడుస్తుందట. వాళ్లకు ఈన పెండ్లి గానోడు, గందుకే కాగితాలల్ల నన్ను రాయలే. ఈడ పని అయిపోంగనే నన్ను, బిడ్డను జగిత్యాలకు తోలి, తను అటు పోతడట." కళ్లు తుడుచుకోలేదు, తడి లేదు కూడా. "లొల్లి చేస్త అన్న. చేసుకో అన్నడు. ఏ అమెరికా కాగితంలనన్న నువ్వున్నవా, ఏడికి పోయి చెప్పుకుంటవు అన్నడు."

ఆమె వెళ్లిపోతే బాగుండునని ఒక పక్క, వెళ్లిపోతుందేమోనని ఇంకో పక్క.

"నువ్వు గా ప్రశ్న అడిగినవు గదా. గది అడగమన్న సర్కారుకు చెప్పుకోవచ్చునా?"

చెప్పుకోవచ్చని చెప్పాను. చెబితే ఏమవుతుందో కూడా చెప్పాను. వాళ్లు విచారిస్తారో లేదో తెలియదు. విచారిస్తే ఆయన ఉద్యోగం పోవచ్చు. ఆయన వీసా పోతే ఆమెదీ బిడ్డదీ పోతాయి. ఎవరు చెప్పారో ఆయన ఇట్టే కనిపెడతాడు, ఎందుకంటే ఆ వ్రతంలోనూ ఆఫీసులోనూ ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. ఆ చివరి మాట చెబుతూ వీధి తలుపు వేసి ఉందో లేదో తిరిగి చూశాను. ఆమె దాన్ని గమనించింది.

"నీకు గూడ భయమైతున్నదా అక్కా?"

"చాలా భయంగా ఉందమ్మా."

"నాకు గూడ" అంది. "ఎట్లయిన తోలుడే తోలుతడు. మా నాయిన మామీర్ల కెల్లి ఒట్టి చేతులతోని రాలేదా, నేను పోత. కని ఊకె పోను. చెప్పి పోత" అంది.

మా ఆయన పాల ప్యాకెట్టుతో తిరిగొచ్చేసరికి మేమిద్దరం అలాగే కూర్చుని ఉన్నాం. ఆయనకు నేను సంగతంతా చెప్పలేదు, సర్టిఫికెట్ల సంచి మాత్రం ఆయన చూస్తూనే ఉన్నారు. వంటింట్లోకి వెళ్తూ, "రాసేదేదో రాసెయ్యి. వెళ్లిపోవాల్సొస్తే వెళ్లిపోదాం. నాకూ ఇక్కడ రోజూ వంట చెయ్యడం విసుగొచ్చింది" అన్నారు.

తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను, మీకు ఆత్రం లేకుండా. నాకు ఏమీ కాలేదు. వీసా రెన్యువల్ అయింది. వెనక ఏ కారూ రాలేదు. పని మానేదాకా ఫోను మోగితే ఉలిక్కిపడటం మాత్రం పోలేదు. ఆ అమ్మాయి వేసవి అయ్యేలోపే బిడ్డతో ఊరికి వెళ్లిపోయింది. చాలా రోజుల తర్వాత ఇంజినీరుగారు కూడా ఆ కంపెనీలో లేడని మేనేజరు చెప్పాడు. అమెరికాలో ఆయన పెళ్లి మాట ఆగిపోయిందని, జగిత్యాల కోర్టులో కేసు నడుస్తోందని ఆమె నాకు వాయిస్ మెసేజ్ పంపింది. ఇందులో ఎవరు గెలిచారో నాకు తెలియదు. ఆ పిల్లకు మంచి చేశానో చెడు చేశానో ఇప్పటికీ రూఢిగా చెప్పలేను.

ఆ శుక్రవారం మాత్రం నాకు బాగా గుర్తుంది. భోజనాల బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ తుడిచి కాగితం పరిచాను. ఫిర్యాదు చేసేవారు తమ పేరు రాయనక్కర్లేదు, రాస్తే మంచిది అని ఉంది. నా పేరు రాశాను. రాశాక దాన్ని చూసి నాకే భయమేసింది. ఆయన పేరు, చిరునామా, ఏం అబద్ధం చెప్పాడు, మీకెలా తెలుసు. "వ్రతంలో భార్యతో పీటల మీద కూర్చోగా చూశాను" అన్నది ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియక చాలాసేపు ఆగాను. ఆ తర్వాత ఒక గడి వచ్చింది. ఆ మనిషి భార్య పేరు, తెలిస్తే.

"నీ పేరు చెప్పమ్మా" అన్నాను. ఆమె పేరు చెప్పింది. "ఇంటిపేరు? పాస్‌పోర్టులో ఉన్నట్టు మీ నాన్నగారిదే రాయనా?"

ఆమె లేచి నిలబడి చెంగు సర్దుకుని, మళ్లీ నిటారుగా కూర్చుంది. పీటల మీద కూర్చున్నప్పుడు కూడా ఇలాగే కూర్చుంది.

"ఆయనదే రాయక్కా. పెండ్లాన్ని గదా."

మొదటి అక్షరం వంకరపోయింది. మిగతావి కుదురుగానే వచ్చాయి. రాయడం అయ్యాక కాగితం ఆమె వైపు తిప్పాను. ఆమె ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదువుకుంది.

"గిది అమెరికాకు పోతదా అక్కా?"

"పోతుందమ్మా."

"ఇన్నేండ్లకు నా పేరు రాసిన్రు" అంది, అప్పుడు ఏడ్చింది.

ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు. రాయాల్సిన చోట రాశాను.